ఎనభై దాటితే మాట వినని కారు

ఒక మాట అడుగుతాను, ఆలోచించి చెప్పండి. మీ చేతిలో ఉన్న బండి మీ మాట వినడం లేదని మీరు చెప్పారు. ఎదుటి మనిషి బండిని సరిగ్గా చూడకుండానే, లోపం నీ చేతిలోనే ఉంది పొమ్మన్నాడు. తల వంచుకుని ఇంటికి వెళ్తారా, అక్కడే నిలబడతారా? పైడితల్లి నిలబడింది. ఎలా నిలబడిందో వినండి.

నక్కపల్లిలో హైవే పక్కన షెడ్డు నడిపే సన్యాసిరావు మంచి మెకానిక్కే గాని, ఎదుటివాళ్లు చెప్పేది సగం వినేసరికే జవాబు చెప్పేసేవాడు. ఒక్కడే పని చేసేవాడు. ఇంకొకరి చెయ్యి పడితే పని చెడుతుందని అతని నమ్మకం. బండిని జాకీ మీద లేపి, చక్రాన్ని నాలుగుసార్లు ఊపి, సందు చివరిదాకా నడిపి చూసి, "ఏమీ లేదు, వెళ్లండి" అనేవాడు. ఆ సందులో కోళ్లు, పిల్లలు తిరుగుతుంటారు కాబట్టి ఏ బండీ నలభై కిలోమీటర్ల వేగం దాటేది కాదు.

ఆ ఊళ్లోనే పైడితల్లి కారు నడిపేది. వరహాలమ్మ అనే పెద్దావిడకి కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు ఆవిణ్ణి విశాఖపట్నం తీసుకెళ్లి డయాలసిస్ చేయించాలి. ఒక్కసారి తప్పినా ఆవిడకి ఒళ్లంతా వాచి ఊపిరి అందేది కాదు. అందుకని కారు ఆగడానికి వీల్లేదు.

ఒక సోమవారం అనకాపల్లి దాటాక కారు తేలడం మొదలుపెట్టింది. ఎనభై దాటగానే కుడికి జరిగేది. సరిచేస్తే ఎడమకి పోయేది. స్టీరింగ్ రెండు వేళ్ల వెడల్పు తిప్పినా చక్రాలకి కబురు అందనట్టే ఉండేది. పక్కనుంచి లారీ దూసుకుపోతే కారు దాని వైపే ఒరిగింది.

వెనక సీట్లో వరహాలమ్మ కళ్లు తెరిచింది. "ఏటే పైడీ, రోడ్డు మీద ముగ్గు పెడుతున్నావా?"

"నేను కాదు మామ్మా, కారే పెడుతోంది."

పైడితల్లి రోడ్డు ఎడమ అంచు పట్టుకుని, యాభై దాటకుండా ఆసుపత్రికి చేర్చింది. మర్నాడు కారు షెడ్డులో పెట్టింది. ఆమె మాట పూర్తి కాకుండానే సన్యాసిరావు, "అలైన్‌మెంట్, చక్రాల వరస తప్పింది" అన్నాడు. అది సరి చేశాడు. బుధవారం కారు మళ్లీ అలాగే తేలింది. ఆ సాయంత్రం పైడితల్లి మళ్లీ వచ్చింది.

"టైర్లలో గాలి చూసుకో" అన్నాడతను.

"చూశాను బాబాయ్. నాలుగింటిలోనూ సరిగ్గానే ఉంది."

"అయితే నీ చెయ్యే. ఆడపిల్లలు స్టీరింగ్‌ని బిందె పట్టుకున్నట్టు పట్టుకుంటారు. కాస్త వదులుగా పట్టుకో తల్లీ."

"ఒక పక్కకే లాగితే అలైన్‌మెంట్ అని ఒప్పుకుంటాను. ఇది రెండు పక్కలకీ పోతోంది. నలభైలో పోవడం లేదు, ఎనభై దాటితేనే పోతోంది. నా చెయ్యి నలభైలో ఒకలా, ఎనభైలో ఒకలా ఉంటుందా బాబాయ్?"

"నమ్మకం లేకపోతే వేరే షెడ్డు చూసుకో."

"అక్కడా జాకీ మీద లేపే చూస్తారు. ఎల్లుండి పొద్దున్నే మామ్మని తీసుకెళ్లాలి. కారణం తేలేదాకా నేను కదలను. మీరు ఒక్కసారి హైవే మీద నడపండి, చాలు."

ఈ పిల్ల పోయేలా లేదని సన్యాసిరావు విసుక్కుంటూ స్టీరింగ్ అందుకున్నాడు. డెబ్భై దాకా ఈల వేస్తూనే నడిపాడు. ఎనభై దాటగానే ఈల ఆగింది. ఒక బస్సు పక్కనుంచి వెళ్లింది. కారు గీత దాటి జరిగింది. అతను రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు. 

"దీంట్లోనా ముసలావిణ్ణి తీసుకెళ్తున్నావు?" అన్నాడు.

"నిన్నటినుంచీ అదే చెబుతున్నాను కదా."

షెడ్డుకి రాగానే అతను అలవాటుగా జాకీ అందుకున్నాడు. పైడితల్లి అడ్డంగా నిలబడింది.

"జాకీ వద్దు బాబాయ్. జాకీ ఎక్కిస్తే చక్రాలు గాల్లో ఉంటాయి. రోడ్డు మీద బరువంతా వాటి మీదే కదా. బరువు మీద ఉండగానే చూద్దాం. నేను పైన కూర్చుని స్టీరింగ్ కొంచెం కొంచెం కదుపుతాను. మీరు బండి కింద పనికి తవ్విన ఆ గుంటలోకి దిగి ఒక్కో కీలు మీద చెయ్యి పెట్టండి."

"నాకు పని నేర్పుతున్నావా?"

"మీకున్నవి రెండు చేతులే అంటున్నాను. ఒకటి పైనా ఒకటి కిందా పెట్టలేరు."

సన్యాసిరావు జాకీ పక్కన పడేశాడు. కారుని గుంట మీదికి నడిపించి, తాను కిందికి దిగాడు. ఆమె ఇంజన్ ఆన్ చేసి, స్టీరింగ్‌ని అటూ ఇటూ కొద్దికొద్దిగా కదిపింది.

"కుడి పక్క బాగానే ఉంది" అని కిందనుంచి గొంతు వినిపించింది. "ఎడమ... ఆగు. మళ్లీ కదుపు. ఇంకోసారి."

అతను ఎడమ కీలు మీద చెయ్యి ఉంచి చూశాడు. స్టీరింగ్ నుంచి వచ్చే కడ్డీ కదులుతోంది. చక్రం మాత్రం కదలడం లేదు. రెండింటినీ కలిపే కీలు దగ్గర రబ్బరు చిరిగి, గ్రీజు పోయి, లోపలి గుండు అరిగిపోయింది. దాన్నే టై రాడ్ ఎండ్ అంటారు. విప్పి అరచేతిలో ఊపితే గింజ ఎండిన కాయలా గలగలలాడింది.

సన్యాసిరావు గుంటలోంచి పైకి వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు.

"ఇది దారిలో ఊడితే చక్రం తన ఇష్టం వచ్చిన వైపు తిరిగేది. నువ్వెంత గట్టిగా పట్టుకున్నా ఆగేది కాదు. చూడాల్సినది చూడకుండా నీ మీద నెట్టేశాను. తప్పు నాదే తల్లీ."

రెండు పక్కలా కొత్తవి బిగించి, అలైన్‌మెంట్ మళ్లీ సరిచేశాడు. ఈసారి తానే అడిగి మరీ కారుని హైవే మీదికి తీసుకెళ్లాడు. శుక్రవారం పొద్దున కారు అనకాపల్లి దాటి గీత గీసినట్టు వెళ్లింది. వరహాలమ్మ దారంతా నిద్రపోయి, వేళకి డయాలసిస్ మంచం ఎక్కింది.

ఇందులో నీతి ఇది: లోపం ఏ వేగంలో, ఏ బరువు మీద బయటపడుతుందో అక్కడే దాన్ని వెతకాలి, వెతక్కుండా మనిషి మీద తప్పు మోపితే ప్రాణాలు పోతాయి. కాబట్టి మీరందరూ ఇవాళే ఒక పని చెయ్యండి. మీ ఇంట్లో బండి నడిపేవాళ్లని కూర్చోబెట్టి, అది ఎక్కడ మాట వినడం లేదో అడగండి, చివరిదాకా వినండి, తర్వాత ఒకరు పైన కూర్చుని, ఒకరు కిందికి దిగి చూడండి.