ఎవరి తాలూకు

సైదులు బందరు చేరిన కొత్తలో ఏ దర్జీ కొట్టు గడప దగ్గర నిలబడినా ఒకే మాట అడిగేవాళ్ళు.

"నువ్వు ఎవరి తాలూకు?"

రేవుకి ఓడలు వచ్చిపోయే రోజులవి. బందరు వెళ్తే పని దొరకనివాడు ఉండడని వినుకొండలో చెప్పుకునేవాళ్ళు. అక్కడ తండ్రి పోయాక అన్నదమ్ములిద్దరికీ కలిపి ఒక్క కొట్టు మిగిలింది. ఊరు చిన్నది. బట్టలు కుట్టించుకునేవాళ్ళు తక్కువ. అన్నకు పిల్లలున్నారు. ఇద్దరిలో ఎవరో ఒకరు వెళ్ళిపోతే తప్ప రెండోవాడికి గడవదు. ఆ మాట అన్న అనలేదు. సైదులే తన వాటా మేకల్ని అమ్మేసి, ఆ డబ్బు సంచిని నడుముకు కట్టుకుని, కత్తెరా సూదులూ మూట గట్టుకుని బండెక్కాడు.

అతని చేతిపని మంచిదే. కానీ కుట్టు చూసేదాకా మాట సాగేది కాదు.

"పట్టూ మఖమలూ తెచ్చి నీ చేతిలో పెడతాం. తెల్లారి నువ్వు కనబడకపోతే మేం ఎవరిని అడగాలి అబ్బాయ్? నీకు పూచీ పడే మనిషిని ఎవరినైనా తీసుకురా, చూద్దాం" అన్నాడు ఇమాం సాయిబు. బజారులో పెద్ద కొట్టు ఆయనది. కసురుకోలేదు, ఉన్నమాట చెప్పాడు. కసురుకుని ఉంటే కోపం వచ్చేది, అదే నయంగా ఉండేది అనుకున్నాడు సైదులు.

బాటసారులు దిగే సరాయిలో, వసారా మూల చాప వేసుకుని పడుకునేవాడు. పొద్దున్నే లేచి బజారంతా తిరిగేవాడు. నడుముకున్న సంచి తేలికవుతోంది. దానికన్నా అతన్ని ఎక్కువ బాధపెట్టింది ఇంకొకటి. తనను పేరు పెట్టి ఎవరూ పిలవడం లేదు. అడగాల్సిన కొట్లన్నీ అడిగేశాక, పొద్దుటినుంచి సాయంత్రందాకా జనం మధ్యే తిరుగుతున్నా, నోరు విప్పాల్సిన పని పడేది కాదు.

దాహం లేకపోయినా మజ్జిగమ్మే కోటమ్మ దగ్గరికి వెళ్ళేవాడు.

"చాలా? ఇంకాస్త పొయ్యనా?" అనేది ఆవిడ.

"ఇంకాస్త పొయ్యండమ్మా" అనేవాడు. ఆ రోజుకి అతను మాట్లాడిన మాటలు అవే.

వసారాలో అతనికి ఎదురుగా ఇంకొక మనిషి పడుకునేవాడు. చాలా దూరం నుంచి వచ్చినట్టుండేవాడు. ఎప్పుడూ దగ్గుతుండేవాడు. ఒక్కోసారి ఇద్దరి చూపులూ కలిసేవి. పలకరిస్తే తన కష్టం చెప్పుకుంటాడేమో, ఏమైనా అడుగుతాడేమో అని సైదులు తల తిప్పుకునేవాడు. అవతలి మనిషి కూడా అలాగే తల తిప్పుకునేవాడు.

ఊరి చివర సమాధులుండే ఖబరస్తాన్ పక్కన కరీముల్లా బాబా ఉండేవాడు. తాటాకు పాక, నేల మీద పాత గొంగడి, గోడకి ఆనించిన పార, అంతే ఆయన ఆస్తి. వినుకొండలో సైదులు తండ్రి ఈ బాబా పేరు తలుచుకోకుండా ముద్ద ఎత్తేవాడు కాదు. అందుకని సైదులు బందరు వచ్చిన వారంలోనే వెళ్ళి ఆయన చేయి పట్టుకుని శిష్యుడయ్యాడు. సాయంత్రాలు వెళ్ళి అందరికన్నా వెనక కూర్చునేవాడు. బాబా ఎక్కువగా మాట్లాడడు. రొట్టెల పళ్ళెం తన ముందుకు వచ్చినప్పుడు సైదులు "తినే వచ్చాను" అని పక్కవాడికి అందించేవాడు. బాబా ఆ పళ్ళెం వైపు చూసేవాడు.

ఒక రోజు సైదులు సాయంత్రం దాకా ఆగలేకపోయాడు. పొద్దున్నే వెళ్ళాడు. బాబా పాక ముందు చీపురుతో ఆకులు ఊడుస్తున్నాడు.

"హజ్రత్, సెలవు తీసుకోవడానికి వచ్చాను. వినుకొండ వెళ్ళిపోతున్నాను" అన్నాడు సైదులు. "బండి కిరాయికి సరిపడా ఇంకా ఉంది. ఇంకొన్నాళ్ళు ఆగితే అదీ ఉండదు."

బాబా ఊడుస్తూనే ఉన్నాడు.

"వెళ్ళేముందు ఒక్కటి అడుగుతాను. ఇంత పెద్ద ఊళ్ళో దేవుడు నాకంటూ ఒక్క మనిషినైనా ఎందుకు పెట్టలేదు?"

బాబా చీపురు ఆపాడు. జవాబు చెప్తాడేమోనని సైదులు ఎదురుచూశాడు. ఈలోగా సరాయి చూసుకునే బడేమియా రొప్పుతూ వచ్చాడు.

"బాబా, మా వసారాలో ఒకాయన పొద్దున పోయాడు. జ్వరంతో మూలుగుతూనే ఉన్నాడు పాపం. ఏ ఊరో తెలీదు. పేరు కూడా చెప్పలేదు. మెళ్ళో ఖురాను తాయెత్తు చూసి మనవాడేనని తెలిసింది. ఆ మనిషి ఎవరి తాలూకో ఏమిటో, ఎవరికి కబురు పెట్టాలో తోచక మీ దగ్గరికి వచ్చాను."

పొద్దున సైదులు లేచి వచ్చేటప్పుడు ఎదురు చాప మీద దగ్గు వినిపించలేదు. నిద్రపోతున్నాడనుకున్నాడు.

బాబా చీపురు గోడకి చేర్చాడు. పక్కనున్న శిష్యులకు గొయ్యి తవ్వమని చెప్పాడు. సైదులు భుజం మీద చెయ్యి వేసుకుని సరాయి వైపు నడిచాడు.

వాళ్ళు ఆ మనిషికి స్నానం చేయించారు. నీళ్ళు సైదులు పోశాడు. అరచేతుల్లో తాడు ఒరుసుకుని కాయలు కాచిన గుర్తులున్నాయి. పడవల మీద పని చేసినవాడేమో. అంతకు మించి ఏమీ తెలియలేదు.

"ఒంటికి చుట్టే కఫన్ గుడ్డకి..." అని బడేమియా నసిగాడు.

సైదులు లేచి వెళ్ళి తెల్లగుడ్డ కొనుక్కొచ్చాడు. కూర్చుని కొలిచి చింపాడు. అలవాటు కొద్దీ మూటలోంచి సూది తీశాడు.

"దీనికి కుట్టు అక్కర్లేదు సైదులూ" అన్నాడు బాబా.

సైదులు సూది తిరిగి మూటలో పెట్టాడు. సంచిలో మిగిలింది వినుకొండ దాకా తీసుకెళ్ళదని అప్పటికి గాని అతనికి తట్టలేదు.

జనాజా సిద్ధమైంది. మొయ్యడానికి నలుగురు కావాలి. బాబా ముసలివాడు. బడేమియాది ఒక కాలు కుంటి. శిష్యులు గొయ్యి దగ్గరే ఉన్నారు.

"బజారుకి వెళ్ళి మనుషుల్ని పిలుచుకురా" అన్నాడు బాబా.

"హజ్రత్, నాకు ఈ ఊళ్ళో ఎవరూ తెలీదు."

"అతనికీ తెలీదు" అన్నాడు బాబా.

సైదులు బజారు మధ్యకి వెళ్ళి నిలబడ్డాడు. కొట్లు కిటకిటలాడుతున్నాయి. బళ్ళు పోతున్నాయి. ఎవరిని పిలవాలి, ఏమని పిలవాలి? తన కోసం పని అడిగినప్పుడు ఎన్నో గడపలు ఎక్కాడు. ఇప్పుడు ఒక్క గడప వైపూ అడుగు పడలేదు. చివరికి అలవాటైన చోటికే వెళ్ళాడు.

కోటమ్మ కుండ వంచబోయింది. అతని మొహం చూసి ఆగింది.

"ఏంటబ్బాయ్, అట్లా ఉన్నావు?"

"మనిషి పోయాడమ్మా. మొయ్యడానికి ఎవరూ లేరు."

"అయ్యో! ఎవరు పోయింది?"

సరాయిలో ఎవరో పరదేశి అని చెప్పబోయాడు. ఆ మాట రాలేదు.

"మావాడు" అన్నాడు.

కోటమ్మ కుండ మీద మూకుడు బోర్లించి లేచి నిలబడింది. గొంతెత్తి బజారంతా వినబడేలా పిలిచింది. "ఓ ఇమాం సాయిబూ! ఈ అబ్బాయి తాలూకు మనిషి పోయాడంట. తోడెవరూ లేరంట. రండయ్యా!"

ఇమాం సాయిబు కొట్టులోంచి తొంగి చూశాడు. సైదులుని గుర్తుపట్టాడో లేదో. చేతిలో సూదిని టోపీకి గుచ్చి, చెప్పులేసుకుని దిగాడు. వెనకే ఆయన కొట్టులో కుట్టేవాళ్ళిద్దరు లేచారు. ఎండలో బండి ఆపుకున్న వీరాస్వామి అనే బండివాడు ఎద్దుల్ని నీడకు కట్టేసి వచ్చి, "నేను భుజం పట్టొచ్చా సాయిబూ?" అని అడిగాడు.

"పట్టరా" అన్నాడు ఇమాం సాయిబు.

జనాజా సరాయి దాటి వీధిలోకి వచ్చింది. సైదులు ముందు భుజం పట్టాడు. దారిన పోయేవాళ్ళు ఎవరు ఏమిటని అడగకుండానే వచ్చి భుజం ఇస్తున్నారు. కొంత దూరం మోసి ఇంకొకరికి ఇచ్చి, వెనక నడుస్తున్నారు. మలుపు తిరిగేటప్పుడు సైదులు వెనక్కి చూశాడు. వీధి నిండిపోయి ఉంది.

ఖబరస్తాన్‌లో బాబా అందరి ముందూ నిలబడి, వరసల్లోకి చూశాడు.

"సైదులూ, పోయినవాడికి దగ్గరివాడివి నువ్వు. నమాజు చదివించమంటావా?"

అంతమందీ అతని వైపు తిరిగారు.

"చదివించండి హజ్రత్" అన్నాడు సైదులు.

నమాజయ్యింది. మనిషిని దింపారు. ఒక్కొక్కరే పిడికిళ్ళతో మన్ను వేసి వెళ్తూ సైదులు దగ్గర ఆగుతున్నారు. ఒకాయన వీపు నిమిరాడు. ఇంకొకాయన దగ్గరికి తీసుకుని "మనసు గట్టి చేసుకో తమ్ముడూ" అన్నాడు. అప్పటిదాకా బిగబట్టుకున్న సైదులు ఆ భుజం మీద తల పెట్టి బావురుమన్నాడు. ఊరు విడిచాక ఒక మనిషి అతన్ని దగ్గరికి తీసుకోవడం అదే మొదలు. ఎంత ఆపుకుందామన్నా ఏడుపు ఆగలేదు. చుట్టూ ఉన్నవాళ్ళు ఆపమనలేదు.

"ఇల్లెక్కడ? పొయ్యి వెలిగించుకోరు కదా, అన్నం పంపిస్తాం" అన్నాడు ఇమాం సాయిబు.

"సరాయిలోనే ఉంటానండీ. వసారాలో."

సాయంత్రం పొద్దు వాలకముందే సరాయికి గిన్నెలు వచ్చాయి. కోటమ్మ అన్నమూ పప్పూ తెచ్చింది. ఇమాం సాయిబు ఇంటి నుంచి రొట్టెలు, మాంసం కూర వచ్చాయి. వీరాస్వామి అరటిపళ్ళ అత్తం దించి, చెప్పకుండానే వెళ్ళిపోయాడు. ఒక్క మనిషి తినేంత కాదు అది. సైదులు ఆ గిన్నెల ముందు కాసేపు కూర్చున్నాడు. తర్వాత లేచి, వసారా ఈ చివర నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క చాప దగ్గరా ఆగాడు.

"అన్నా, లేవండి, తిందాం. మీ పేరేంటి? ఏ ఊరు మనది?"

ఒకతను బాపట్ల వైపువాడు. ఒకతను గోదావరి అవతల నుంచి వచ్చాడు. రేవులో పని దొరుకుతుందని వచ్చి, దొరక్క, ఎవరితోనూ మాట్లాడక పడుకుని ఉన్నాడు. అందరూ గుండ్రంగా కూర్చున్నారు. బాపట్లతను కూర బాగుందన్నాడు. గోదావరతను తమ వైపు దీన్ని ఇంకోలా వండుతారని చెప్పాడు. అలా మాటలు మొదలయ్యాయి.

ఎదురు చాప ఖాళీగా ఉంది. సైదులు మాటిమాటికీ అటు చూస్తూ తిన్నాడు.

మర్నాడు ఇమాం సాయిబు మనిషిని పంపించి పిలిపించాడు.

"పండగ దగ్గరికొస్తోంది. టోపీలు చాలా కుట్టాలి. పండగయ్యాక సంగతి నేను చెప్పలేను. అప్పటిదాకా వచ్చి కూర్చుంటావా?"

"కూర్చుంటానండీ" అన్నాడు సైదులు. కొట్టు చివర అతనికి కాస్త చోటు ఇచ్చారు. రోజంతా తల ఎత్తకుండా కుట్టాడు. పక్కవాళ్ళు మాట్లాడించినా పొడిపొడిగా జవాబిచ్చాడు. లోపల ఏదో గుచ్చుకుంటోంది.

సాయంత్రం కొట్టు మూశాక సరాసరి బాబా దగ్గరికి వెళ్ళాడు. బాబా కొత్త సమాధి మీద నీళ్ళు చల్లుతున్నాడు. సైదులు దూరంగా నిలబడ్డాడు.

"హజ్రత్, నేను తప్పు చేశాను. ఊరందరికీ అబద్ధం చెప్పాను. ఆ మనిషి ఎవరో నాకు తెలీదు. ఇన్నాళ్ళు ఎదురుగా పడుకున్నా ఒక్క మాట పలకరించలేదు. దగ్గుతుంటే గుక్కెడు నీళ్ళివ్వలేదు. అలాంటిది బజారులో అందరి ముందూ మావాడు అన్నాను. వాళ్ళు నమ్మి వచ్చారు. అన్నం పెట్టారు. పని కూడా ఇచ్చారు. అంతా అబద్ధం మీద వచ్చింది."

బాబా ముంతలో నీళ్ళు అయిపోయేదాకా చల్లాడు. తడిసిన మన్నును చేత్తో మెల్లగా నిమిరాడు. తర్వాత సైదులు వైపు తిరిగాడు.

"అబద్ధానికి అంత ఏడుపు ఎలా వచ్చింది సైదులూ?"

సైదులు వచ్చి ఆ సమాధి పక్కన నేల మీద కూర్చున్నాడు. బాబా కూడా అవతలి పక్క కూర్చున్నాడు. చీకటి పడేదాకా ఇద్దరూ ఆ మనిషికి తోడుగా ఉన్నారు.