వెనక నిలబడ్డవాళ్ళు

రైలు గేటు పక్కనున్న ఆ చిన్న మఠాన్ని నడిపే విశాలమ్మగారిని ఎవరేమడిగినా వెంటనే జవాబు వచ్చేది కాదు. రైలు వచ్చే వేళయితే, అది వెళ్ళిపోయి గేటు లేచేదాకా ఊరుకునేవారు. ఆలోగా సగంమంది తమ ప్రశ్న తామే మార్చుకునేవారు.

మాణిక్యం మాత్రం మార్చుకోలేదు. బుర్రకథ చెప్పుకుని బతికిన మనిషి, యాభై దాటాయి. అరుగు మీద కూలబడి, "అమ్మా, ఇక కథ మానేయమంటారా?" అని అడిగింది. రైలు పోయాక మళ్ళీ అదే అడిగింది.

"ఏమైంది?" అన్నారు విశాలమ్మగారు.

"అలిసిపోయానమ్మా. ఒక్కదాన్నే చెబుతున్నాను. మధ్యలో గొంతు పూడుకుపోతోంది. నేను నీళ్ళు తాగేలోగా జనం లేచి చాపలు దులుపుకుంటున్నారు."

బుర్రకథ చూడనివారి కోసం ఒక మాట చెప్పాలి. కథ చెప్పే మనిషి తంబురాతో ముందు నడుస్తుంది. వెనక చెరోవైపు డక్కీలు వాయిస్తూ ఇద్దరు వంతలు నిలబడతారు. వారిలో ఒకరు హాస్యం చెబుతారు, మరొకరు కథను ఆపి లోకం సంగతులు అడుగుతారు. మాణిక్యానికి ఆ ఇద్దరూ బయటివాళ్ళు కారు. తమ్ముడు గవర్రాజు, చెల్లెలు సత్యవతి. తల్లి పోయాక వాళ్ళకు అన్నం పెట్టిందీ, కాళ్ళకు గజ్జెలు కట్టిందీ ఆమే. ఒక ఊళ్ళో, కొడుకు శవం కోసం తల్లి వెతుక్కునే ఘట్టంలో గవర్రాజు జోకు వేశాడు. జనం నవ్వారు. మాణిక్యం వెనక్కి తిరిగి, అందరి ముందూ "నోర్ముయ్" అంది. వాడు డక్కీ కింద పెట్టి వెళ్ళిపోయాడు. "అన్న లేని కథకి నేనెందుకు?" అని సత్యవతి కూడా వాడి వెంటే పోయింది. ఆ తరువాత పలకరింపులు లేవు.

"గురువుగారి ఆరాధన రోజున ఇక్కడ కథ చెప్పు. ముగ్గురూ కలిసి" అన్నారు విశాలమ్మగారు.

"వాళ్ళు రారమ్మా."

"పిలిచావా?"

మాణిక్యం మోకాళ్ళు పట్టుకుని నెమ్మదిగా లేచింది.

గవర్రాజు మోపెడ్ మీద ప్లాస్టిక్ సామాన్లు అమ్ముకుంటున్నాడు. అక్కని చూసి బండి స్టాండు వేశాడు. "ఏంటక్కా, బిందె కావాలా? నోరు మూసుకుని ఉండేది కావాలంటే మూతున్న డబ్బాలు కూడా ఉన్నాయి" అన్నాడు. ఆమె కోపం తెచ్చుకుందామనుకుంది గాని, అంత ఓపిక లేకపోయింది. "ఆరాధనకి రారా" అని మాత్రం అంది. వాడు ఆమె మొహంలోకి కాసేపు చూసి, బిందెల మీద తాడు బిగిస్తూ "వస్తాలే" అన్నాడు.

అంగన్‌వాడీలో పిల్లలకు అన్నం కలుపుతున్న సత్యవతి తల కూడా ఎత్తలేదు. "వస్తాను గాని, ప్రశ్నలడగొద్దంటే నా వల్ల కాదు. ముందే చెబుతున్నా."

ఆరాధన నాడు భోజనాలయ్యాక పందిట్లో వేదిక మీద కథ మొదలైంది. మాణిక్యం కావాలనే ఆ తల్లి కథే ఎత్తుకుంది. యుద్ధభూమిలో కొడుకు కోసం వెతికే పాట దగ్గరకు వచ్చింది. చరణం పెద్దది. అది ఇంకా ముగియకుండానే వెనకనుంచి గవర్రాజు అడ్డం వచ్చాడు.

"అక్కా, అక్కా! ఆవిడ పొద్దుటనగా వచ్చింది కదా, పొయ్యి మీద పాలు దించి వచ్చిందో లేదో అడుగు!"

పందిరంతా నవ్వింది. మాణిక్యానికి పాత మంట నెత్తికెక్కింది. గిర్రున వెనక్కి తిరిగింది. నోరు తెరిచింది. మాట రాలేదు, గాలి మాత్రమే వచ్చింది. గొంతు పోయింది.

"మాణిక్యం, ఇలా వచ్చి కూర్చో" అన్నారు విశాలమ్మగారు.

ఆమె దిగివచ్చి ఆడవాళ్ళ మధ్య చాప మీద కూర్చుంది. ఎవరో నీళ్ళ గ్లాసు అందించారు. వాళ్ళిద్దరూ ఆపేస్తారనుకుంది. ఆపలేదు. డక్కీలు అలాగే మోగుతున్నాయి.

"అన్నా, యుద్ధానికి రమ్మని చాటింపు వేశారు గదా, ఇంటికి పొమ్మని కూడా వేశారా?" అంది సత్యవతి. నవ్వుతున్న జనం నెమ్మదించారు. వెనక వరసలో చంటిపిల్లతో లేవబోయిన ఒక తల్లి మీద ఆమె చూపు నిలిచింది. "ఏమమ్మా, నువ్వు చెప్పు. నీ బిడ్డనైతే పంపుతావా?" ఆ తల్లి పిల్లని గుండెకి అదుముకుని మళ్ళీ కూర్చుండిపోయింది.

గవర్రాజు జనాన్ని చూడటమే లేదు. నోటితో నవ్విస్తున్నాడు, చూపు మాత్రం అక్క గొంతు మీదే ఉంది. ఆమె గుటక వేస్తే డక్కీ తగ్గించాడు. దగ్గు వస్తే ఇంకో మాట అందుకున్నాడు. మాణిక్యం గ్లాసు పట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయింది.

"ఎప్పుడూ ఇంతేనా?" అంది, ఎవరిని అడుగుతోందో తనకే తెలియకుండా, బొంగురు గొంతుతో.

సత్యవతి తాళం తప్పకుండా, అదీ కథలో మాటే అన్నట్టు జవాబిచ్చింది. "గొంతు పూడుకొచ్చే ముందు నీ కుడి భుజం పైకి లేస్తుందక్కా. వెనకున్నవాళ్ళకి కనబడేది అదే. అది లేచినప్పుడల్లా అన్న ఏదో ఒకటి వాగుతాడు. ఆ ఊళ్ళో ఆ రోజు కూడా లేచింది."

"చెప్పేశావూ! రేపట్నుంచి ఆవిడ భుజానికి కూడా కొంగు కప్పుకొస్తుంది!" అన్నాడు గవర్రాజు. జనం మళ్ళీ నవ్వారు. వాడు నవ్వలేదు.

మాణిక్యం గ్లాసులో మిగిలిన నీళ్ళు తాగేసింది. కాసేపటికి గొంతు సర్దుకుంది. కథ ఇంకా చాలా మిగిలి ఉంది. కొంగు దోపుకుని, తన చోటికి వెళ్ళడానికి నేల మీద చెయ్యి ఆనించి లేవబోయింది.

విశాలమ్మగారు వాళ్ళిద్దరి మీంచి చూపు మరల్చకుండానే అన్నారు.

"ఉండు, కాసేపు కూర్చో. ఇటువైపు నుంచి నువ్వెప్పుడూ వినలేదు."