తాగలేని తీర్థం

దాలయ్యకు కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. ఆ వేళ ఆశ్రమంలో గురువుగారు శివయోగి గారి దగ్గరికి రుసరుసలాడుతూ వచ్చాడు.

"చూశారా స్వామీ, కింద పేట చిన్నమ్మడు మళ్లీ రాలేదు! సోమవారం వచ్చిందంటే తీర్థం పట్టుకెళ్లే మనిషి. ఇప్పుడు కళ్లు నెత్తికెక్కాయి."

శివయోగి గారు పూజసామాను తుడుచుకుంటున్నారు. "ఎందుకు మానేసిందంటావు?" అని అడిగారు.

"మొన్నొచ్చి చెప్పింది, మన పక్కన పారే గెడ్డ నీళ్లు కంపు కొడుతున్నాయట. అవి తాగి పిల్లాడికి వాంతులు, విరేచనాలూ పట్టుకున్నాయట. మన ఆవుల మీదే నింద వేస్తే ఊరుకుంటానేటి? గోవు తగిలిన నీరు గంగతో సమానం, నమ్మకం లేకపోతే రావద్దు పొమ్మన్నాను."

దాలయ్య మంచివాడే, పాపం. ఆవులంటే ప్రాణం. ఆశ్రమానికి గోశాల లేదని తనే పూనుకుని, గెడ్డ ఒడ్డున రెల్లూ తుంగా అంతా నరికించి, నేల చదును చేయించి కట్టాడు. రోజూ పొద్దున్నే కొట్టం కడిగి, ఆ పేడనీళ్లు గెడ్డలోకి పోయేలా కాలువ కూడా తీశాడు. గోమయం కలిస్తే గెడ్డ పావనమైపోతుందని అతని నమ్మకం. ఆశ్రమంలో అందరూ ఆహా అని తలలూపారు. ఊపరూ మరి! వాళ్లు తాగే నీళ్లు గోశాలకి ఎగువనుంచి కదా తెచ్చుకునేది.

గురువుగారు రాగిచెంబు పట్టుకుని గెడ్డ వెంబడే దిగువకి వెళ్లారు. ఎండ వాలాక తిరిగొచ్చారు. కళ్లు ఎర్రబడి ఉన్నాయి. నిండిన చెంబు పూజ దగ్గర పెట్టారు.

సాయంత్రం పూజ అయ్యాక దాలయ్య ఎప్పటిలాగే కుడిచెయ్యి చాచాడు. గురువుగారు ఉద్ధరిణితో తీర్థం పోశారు.

"పుచ్చుకో నాయనా. కింద పేటవాళ్లు గెడ్డ ఇసకలో చెలమ తవ్వుకుని తాగుతున్నారే, ఆ నీళ్లే."

నోటి దాకా వచ్చిన చెయ్యి ఆగిపోయింది. రోజూ తన చీపురు ముందు పారేదంతా ఎటు పోతుందో దాలయ్యకు తెలియకపోలేదు. తాగబుద్ధి కాలేదు. పోనీ పారబోద్దామంటే, తీర్థం నేలపాలు చెయ్యకూడదాయె. చెయ్యి అలాగే పట్టుకుని బిక్కమొహం వేశాడు.

"గోవు తగిలిన నీరే కదా," అన్నారు గురువుగారు మెల్లగా.

దాలయ్య తలెత్తలేకపోయాడు. "స్వామీ... పిల్లాడికెలా ఉంది?"

"నేను వెళ్లేసరికి పిల్లాణ్ని మట్టి చేసి వస్తున్నారు."

"అయ్యో, ఆ తల్లిని పొమ్మన్నానే!" అని దాలయ్య బావురుమన్నాడు. తీర్థం వేళ్ల సందుల్లోంచి కారిపోయింది.

గురువుగారు ఓదార్చలేదు. గునపం తీసుకుని గోశాల వెనక్కి వెళ్లి, కాలువకి మట్టి అడ్డం వేశారు. మురుగు గెడ్డలోకి దిగకుండా పట్టి ఆపే రెల్లు దుబ్బులు అవతలి ఒడ్డున మిగిలి ఉంటే పెకలించి తెచ్చి, ఇవతల బోడినేలలో నాటడం మొదలుపెట్టారు. కాసేపటికి దాలయ్య కూడా వచ్చి పక్కన కూర్చుని గోతులు తవ్వాడు.

"గోశాల గెడ్డకి దూరంగా మార్చేస్తాను స్వామీ. ఒడ్డంతా మళ్లీ రెల్లు వేస్తాను. మొలుస్తుందంటారా?"

గురువుగారు దుబ్బు మొదట్లో మట్టి నొక్కారు.

"నరుకుతానని నువ్వడిగితే సరేనన్నది నేనే రా," అన్నారు. "రెల్లయితే మళ్లీ మొలుస్తుంది."