దగ్గుతో సహా రాజుగారిదే

ఏటి ఒడ్డున ఒకానొక రాజ్యం. దాన్ని ఏలే రాజుగారు చెడ్డవారేమీ కారు. పన్నుల కోసం ప్రజల్ని పీడించేవారు కాదు, ఊరికే యుద్ధాలకు పోయేవారు కాదు. ఆయనకున్న జబ్బల్లా ఒక్కటే. లోకంలో ఎక్కడైనా కొత్త వింత పుట్టిందని చెవిన పడితే చాలు, అది తన కోటలో ఉండి తీరాలి. వచ్చేదాకా అన్నం సహించేది కాదు.

ఆ జబ్బుకు మందు వేయవలసిన మంత్రి విరూపాక్షయ్య దానికి పథ్యం తప్పించి మరీ పెంచాడు. రోజూ పొద్దున్నే సభలో నిలబడి దేశదేశాల వింతల వార్తలు వినిపించడం ఆయనకు మహా ఇష్టం. "ప్రభూ! పడమటి దేశంలో తనంతట తానే ఊగే ఊయల పుట్టిందట. ఇక లోకంలో తల్లులతో పని లేదు!" అనేవాడు. ఊయల వచ్చేది. నాలుగు ఊపులు ఊగి, పిల్లవాణ్ణి పరుపు మీదికి విసిరేసేది. తల్లి పరుగెత్తుకొచ్చి ఎత్తుకునేది. వింత వచ్చేటప్పుడు కోటలో బాకాలు మోగేవి కానీ, అది చెడి మూలపడ్డప్పుడు ఎవరూ బాకా ఊదేవారు కాదు. అందుచేత రాజుగారి ఉత్సాహం ఎన్నడూ తగ్గలేదు.

ఇలా ఉండగా ఓడవర్తకుడొకడు పంజరాల నిండా చిలుకల్ని తెచ్చాడు. మన తోటల్లో జామకాయలు కొరికి పారేసే చిలుకల్లాంటివి కావవి. ఒకటి రెండుసార్లు విన్న మాటను విన్నది విన్నట్టు, అదే గొంతుతో, అదే విరుపుతో పలుకుతాయి. రాజుగారు ముచ్చటపడి అన్నింటినీ కొనేశారు. కొన్నింటిని సభలో, కొన్నింటిని బజారు వీధుల్లో, ఒకదాన్ని వంటశాల వసారాలో కట్టించారు. రాజవార్తలూ కథలూ ఇకమీదట అవే చెబుతాయని ప్రకటించారు.

"ప్రభూ! ఇక లోకంలో కథకులతో పని లేదు!" అన్నాడు విరూపాక్షయ్య.

ఆ మాట విని సభలో ఒకడి ముఖం చిన్నబోయింది. అతని పేరు కోనప్ప. సాయంత్రాలు రాజుగారికి కథ చెప్పి నవ్వించడం అతని కొలువు. కథలు తానే కట్టుకునేవాడు. అన్నింట్లోకీ అతనికి ప్రాణమైనది ఏనుగు పెళ్ళి కథ. ఒక మావటివాడు తన ఏనుగుకు సంబంధం చూడబోయి, పెళ్ళిచూపుల్లో ఏనుగుకు పీట ఎక్కడ వేయాలో తెలియక నానా అవస్థా పడతాడు. ఆ కథను కోనప్ప ఏళ్ల తరబడి కట్టాడు. భార్య తిరుమలమ్మకు చెప్పేవాడు. ఆమె నవ్విన చోట పెంచేవాడు, నవ్వని చోట తీసేసేవాడు.

ఏటా ఏరువాకనాడు కోట వాకిట రైతులందరికీ ఆ కథ చెప్పడం ఆనవాయితీ. అరక కట్టే ముందు కడుపారా నవ్వితే ఆ ఏడు పంట విరగపండుతుందని వాళ్ళ నమ్మకం. నవ్వితే పంట పండుతుందో లేదో నాకు తెలియదు కానీ, ఏడుస్తూ దున్నితే మాత్రం నాగటి చాలు సరిగ్గా రాదు.

ఏరువాక దగ్గరపడుతుండగా ఒక సాయంత్రం కోనప్ప కథ చెప్పడానికి లేచాడు. రాజుగారు చెయ్యి అడ్డం పెట్టారు.

"నువ్వు కూర్చో కోనప్పా. ఇవాళ చిలుక చెబుతుంది."

చిలుక ముందు "ఖళ్, ఖళ్" మని దగ్గింది. తర్వాత "అప్పుడా మావటివాడు ఏమన్నాడయ్యా అంటే" అని ఎత్తుకుని ఏనుగు పెళ్ళి కథ చెప్పేసింది. సభ విరగబడి నవ్వింది. కోనప్ప కూర్చున్నవాడల్లా లేచాడు.

"ప్రభూ, అది నా కథ," అన్నాడు.

"నీ కథేమిటి? చెప్పింది చిలుక కదా!" అన్నారు రాజుగారు.

"ఆ దగ్గు కూడా నాదే ప్రభూ. పోయిన చలికాలం పట్టుకుంది, ఇంకా వదల్లేదు."

విరూపాక్షయ్య ఉత్తరీయం సర్దుకుని లేచాడు. "చిలుక ఎవరిది? రాజుగారిది. పంజరం? రాజుగారిదే. అది తినే జామపండు? అదీ రాజుగారి తోటలోదే. అలాంటప్పుడు దాని నోట వచ్చిన మాట నీదెలా అవుతుందయ్యా? దగ్గుతో సహా రాజుగారిదే!"

"అది నేర్చింది నా దగ్గర కదండీ మంత్రిగారూ!"

"నువ్వు పదిమందిలో చెప్పావు. పదిమందిలో చెప్పిన మాట గాలిలో వదిలినట్టే. ఎవరు పట్టుకుంటే వారిది."

"చిలుకా పదిమందిలోనే చెప్పింది కదండీ. మరి నేనూ పట్టుకోవచ్చా?"

"హన్నా! రాజుగారి మాటనే పట్టుకుంటావా? దాన్ని దొంగతనం అంటారు!"

చూశారా న్యాయం! అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, కోనప్ప కథను మంత్రి రాజుగారికి ధారపోశాడు. కూర్చున్నచోటే అంత గొప్ప కథకు కర్త అయిపోవడం రాజుగారికీ బాగానే ఉంది. ఇకమీదట కోనప్ప ఏనుగు పెళ్ళి కథ చెప్పరాదనీ, చెబితే దేశం విడిచి పోవాలనీ, ఏరువాకనాడు కూడా చిలుకే చెబుతుందనీ ఆజ్ఞ ఇచ్చేశారు.

కోనప్ప ఇంటికి వచ్చి ముద్ద ముట్టలేదు. తిరుమలమ్మ సంగతంతా విని, "పోతే పోయింది లెండి. మరో కథ కట్టండి. మీకు కథలకు కరువా?" అంది.

"కడతాను. సభలో చెబుతాను. చిలుక వింటుంది. అదీ పోతుంది. జన్మంతా చిలుకలకు మేత వేస్తూ కూర్చోమంటావా?" కోనప్ప కంచం అవతలికి నెట్టాడు. "అది కాదే. ఏరువాకనాడు వాకిట్లో నిలబడి నా కథ నేనే చెబుతాను. దేశం వదలవలసి వస్తే చెప్పాకే వదులుతాను."

తిరుమలమ్మ మొగుడి ముఖంలోకి చూసింది. ఆ పట్టుదల ఆమెకు తెలుసు. "అయితే ఆ ఏడుపుముఖం మాని బుర్రకు పని చెప్పండి. దేశం వదలకుండా చెప్పే ఉపాయం చూడండి," అని బుట్ట తీసుకుని బజారుకు పోయింది.

తిరిగి వచ్చేటప్పుడు గుమ్మం దాటకముందే నవ్వు వినపడింది. "ఏమండీ, బజారు చిలుక సంగతి విన్నారా? దాన్ని కూరగాయల గంగులమ్మ పక్కన కట్టారు. రాజవార్తలు ఎప్పుడో మర్చిపోయింది. పొద్దస్తమానం గంగులమ్మ కేకే! 'నవనవలాడే వంకాయలు! పుచ్చుంటే వాపసు!' అని. గంగులమ్మేమో నోటికి పని తప్పిందని కాళ్ళు బారజాపుకుని కూర్చుంది."

కోనప్ప పకపకా నవ్వాడు. కంచం పెట్టమన్నాడు.

మరునాడు సభలో వంగి నమస్కరించాడు. "ప్రభూ! బాగా ఆలోచించుకున్నాను. మంత్రిగారి మాటే న్యాయం. అయితే ఒక్క లోటుంది. ఆజ్ఞ నాకొక్కడికే ఇచ్చారు. రేపు ఇంకెవడో వచ్చి చిలుక మాట తనదంటే? ప్రతివాడితోనూ ఇలా వాదన పెట్టుకుంటారా? చిలుక నోట ఏ మాట వచ్చినా, ఒక్కటి కూడా మినహాయింపు లేకుండా, అది సాక్షాత్తూ రాజుగారి మాటేనని ఊరంతా దండోరా వేయించండి."

"చూశారా ప్రభూ, దారికి వచ్చాడు!" అని మంత్రి పొంగిపోయాడు. ఆ పూటే దండోరా వేయించాడు.

మర్నాడు తెల్లవారేసరికి కోట వాకిలి ఆడవాళ్ళతో నిండిపోయింది. అందరి బుట్టల్లోనూ పుచ్చు వంకాయలే.

"ఏమిటీ గోల?" అని రాజుగారు మేడమీంచి అడిగారు.

"పుచ్చుంటే వాపసు అని తమరే కదా మాటిచ్చారు దొరా! బజారు చిలుక చెప్పింది!" అన్నారందరూ ఒక్క గొంతుతో.

రాజుగారు మంత్రి వైపు చూశారు. మంత్రి నేలచూపులు చూశాడు. రాజు అన్న మాట తప్పితే ఎలా? కోటలోని తోట ఊడ్చి మంచి వంకాయలన్నీ ఇచ్చి, పుచ్చులన్నీ తీసుకున్నారు. గంగులమ్మ దగ్గర కొన్నవీ, కొననివీ, ఎవరి పెరట్లోనో కాసినవీ అన్నీ వచ్చాయి. కోటలో గుత్తి వంకాయ కూర అన్న మాట వినపడకుండా పోయింది.

ఇంతటితో రాజుగారు దిగివస్తారని కోనప్ప అనుకున్నాడు. రాలేదు. "వంకాయలకు జడిసి ఆజ్ఞ వెనక్కు తీసుకుంటే నేనేం రాజును!" అన్నారాయన. పైగా బజారు చిలుకను గంగులమ్మకు దూరంగా కట్టించారు.

తెల్లవారితే ఏరువాక. కోనప్ప వెనక్కు తగ్గలేదు. ఆ రోజే పొరుగు రాజ్యపు రాయబారి స్నేహం కలుపుకోవడానికి కోటకు వచ్చాడు. మనిషి భారీ. విందులో నేతిగారెల పళ్ళెం అతని ముందు నిలవడమే లేదు. అది చూసి కోనప్ప రాజుగారి చెవిలో మెల్లగా అన్నాడు:

"ప్రభూ, రేపు పొద్దున సభలో రాయబారిగారికి మన చిలుక విద్య చూపించకపోతే ఎలా? వంటశాల వసారాలో చిలుక మంచి గొంతుగలది."

"భేష్! చూపించి తీరాలి!" అన్నారు రాజుగారు.

అక్కణ్ణుంచి కోనప్ప వంటశాలకు పోయాడు. వంటమనిషి పేరమ్మ గిన్నెలు బోర్లిస్తోంది.

"పేరమ్మక్కా, రేపు సభ తలుపు వెనక నిలబడు. నేను పిలవగానే రావాలి. చంకలో పిల్లి ఉండాలి."

"సభకు పిల్లెందుకురా?"

"రాజ్యక్షేమం కోసం."

పొద్దున సభ తీరింది. బయట వాకిట్లో రైతులు ఎద్దుల కొమ్ములకు రంగులు పూసి కథ కోసం కాచుకుని ఉన్నారు. లోపల రాయబారి మెత్తటి ఆసనంలో కూరుకుని కూర్చున్నాడు. పంజరం మీద గుడ్డ తీశారు. చిలుక అతనివైపు తల వంచి చూసి, పేరమ్మ గొంతుతో అందుకుంది:

"మళ్ళీ వచ్చావా తిండిపోతు ముఖమా! నిన్ననే కదా గిన్నెలన్నీ నాకి పోయావు! కడుపా అది, చెరువా!"

రాయబారి మీసాలు అదిరాయి. ఆసనంలోంచి లేచి నిలబడ్డాడు. "ఎవరి మాటలివి?" అని గర్జించాడు.

కోనప్ప ముందుకు వచ్చి చేతులు కట్టుకున్నాడు. "సాక్షాత్తూ మా రాజుగారివేనండీ. మొన్ననే దండోరా వేయించారు. ఒక్క మాటకు కూడా మినహాయింపు లేదు."

"కాదు! కాదు!" రాజుగారు సింహాసనం దిగి పరుగెత్తుకొచ్చారు. "అవి నా మాటలు కావు! వంటమనిషి మాటలు! గొంతు వినవయ్యా, ఆడమనిషి గొంతు!"

"గొంతుదేముంది ప్రభూ? చిలుక మీదే కదా?"

"నాదైతే?"

"పంజరమూ మీదే."

"పంజరం నాదైతే లోపలి మాట నాదైపోతుందా?"

"జామపండూ మీ తోటలోదే."

"జామపండు పెట్టినంత మాత్రాన మాట నాదెలా అవుతుందిరా మూర్ఖుడా! ఎవరి నోట పుడితే వారి మాట అది!"

అనేశాక ఆ మాట రాజుగారి చెవికే వినపడింది. విరూపాక్షయ్య మెల్లగా ఒక స్తంభం చాటుకు జరిగాడు.

కోనప్ప తల దించలేదు. "ఈ తీర్పు కోసమే ప్రభూ ఇన్నాళ్ళూ కాచుకున్నాను. ఎవరి నోట పుడితే వారిది. దగ్గుతో సహా."

తర్వాత తలుపు వైపు తిరిగి, "పేరమ్మక్కా!" అని పిలిచాడు. పేరమ్మ బలిసిన పిల్లిని చంకన వేసుకుని వచ్చింది. చిలుక దాన్ని చూడగానే, "మళ్ళీ వచ్చావా తిండిపోతు ముఖమా!" అని మొదలుపెట్టింది. పిల్లి చెవులు వాల్చి పేరమ్మ చంకలో ముఖం దాచుకుంది.

"దీన్ని తిట్టిన తిట్లేనండీ బాబూ," అంది పేరమ్మ రాయబారితో. "తమరు తింటే వండిన చేతికి సంతోషమే కానీ, తిడతామా?"

రాయబారి పిల్లిని చూశాడు, తన పొట్ట చూసుకున్నాడు. "పాపం, ఇద్దరం ఒక్క వంటకే పడిపోయాం!" అని ఫక్కున నవ్వాడు. రాజుగారు కోపంగా ఉందామని చూశారు కానీ పెదవులు ఆగలేదు. కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. తన భుజంమీది శాలువా తీసి కోనప్పకు కప్పారు.

"ఈ చిలుకలన్నింటినీ వర్తకుడికే తిప్పి పంపేస్తాను కోనప్పా!"

"వద్దు ప్రభూ. వాటి తప్పేముంది? విన్నది చెప్పాయి. ఎవరి దగ్గర విన్నాయో కూడా చెబితే చాలు."

"అలాగే. ఏ కథ చెప్పినా ముందు అది ఎవరిదో చెప్పడం వాటికి నేర్పాలి. నేర్పేవాడు…" రాజుగారు స్తంభం వైపు చూశారు. "విరూపాక్షయ్యా, బయటికి రా. జామపళ్ళ బుట్ట పట్టుకో."

ఆ తర్వాత కోనప్ప వాకిట్లోకి వచ్చి ఏనుగు పెళ్ళి కథ ఎత్తుకున్నాడు. ముందుగా ఖళ్ళుమని దగ్గాడు. దగ్గు ఇంత తియ్యగా ఉంటుందని అతనికి ఆనాడే తెలిసింది. ఏనుగుకు పీట వేసే చోటికి వచ్చేసరికి రైతులు ఎద్దుల మెడలు పట్టుకుని నవ్వారు. తిరుమలమ్మ, వందసార్లు విన్న కథకే, కొంగు నోట కుక్కుకుని నవ్వింది.

కథ అయ్యాక రాజుగారు అతన్ని పక్కకు పిలిచారు. "కోనప్పా, ఈ చిలుకల గొడవ కూడా కథ కట్టేస్తావు కదూ?"

"కట్టక మానతానా ప్రభూ?"

"కట్టు. అందులో తీర్పు మాత్రం నాది. మరిచిపోకు."

"ఎందుకు మరుస్తాను? ఎవరి మాటో వారి పేరు చెప్పాలని ఇప్పుడే కదా ఆజ్ఞ అయింది! పుచ్చు వంకాయలు వాపసు తీసుకున్న రాజు ఫలానావారు, పిల్లి తిట్లు తలకెత్తుకున్న రాజు ఫలానావారు అని ఊరూరా మీ పేరు చెప్పి మరీ…"

"ఒద్దొద్దొద్దు!" రాజుగారు గభాలున అతని నోరు మూశారు. "కథ మొత్తం నీకే ఇచ్చేశాను, తీర్పుతో సహా! నా పేరు మాత్రం ఎత్తకు!" అంటూ మెడలోని ముత్యాలహారం కూడా తీసి అతని మెడలో వేసి, మళ్ళీ పొట్ట పట్టుకుని నవ్వారు.

కోనప్ప ఆ మాటకు కట్టుబడ్డాడు. అతని పేరు చెప్పి ఈ కథ చెప్పుకునే మేమూ కట్టుబడి, రాజుగారి పేరు ఎక్కడా ఎత్తలేదు. మంత్రి పేరు దాచమని మాత్రం ఎవరూ అడగలేదు.