ఎర్రన్న గిట్ట గుర్తు

కళ్లం అంటే పేడతో అలికిందనుకునేరు. ఇది సిమెంటు కళ్లం. మిట్టచేను మధ్యలో, దరిదాపుల్లో చెట్టన్నది లేకుండా, ఎండంతా వానంతా తన నెత్తినే వేసుకుని పడి ఉంటుంది. ఆ చివర రాతిగోడను ఆనుకుని కోళ్ల గూడు. రెండు పక్కలా ముళ్లకంప. ఈ చివర ఒక ఎద్దు పట్టేంత సందు. గూటి దగ్గరికి పోవాలంటే ఆ సందులోంచి కళ్లం దాటాలి, కళ్లం దాటాలంటే పుల్లన్నను దాటాలి. పుల్లన్న ఆ చేలో ఎద్దు. కళ్లం మీద అడ్డంగా పడుకుంటే చీమ కూడా అడిగి పోవలసిందే.

పుల్లన్నకు ఎర్రన్న అని జత ఉండేవాడు. ఎడమ పక్క పుల్లన్న, కుడి పక్క ఎర్రన్న, తొమ్మిదేళ్లు ఒకే కాడి మోశారు. పోయిన ఏడు ఎర్రన్న జబ్బు చేసి పోయాడు. పుల్లన్న మాత్రం ఇప్పటికీ మేతకు నిలబడినా, నీళ్లకు వంగినా, కుడి పక్క ఒక ఎద్దు పట్టేంత చోటు వదిలే ఉంటాడు. ఎవరైనా ఆ చోట్లోకి వస్తే కొమ్ము విసరడు, కసరడు. పక్కకు జరిగి మళ్లీ అంత చోటు వదులుతాడు.

కళ్లం పోసిన రోజు, సిమెంటు పచ్చిగా ఉండగా, ఎర్రన్న సందులోంచి వచ్చి ఒక అడుగు వేశాడు. రైతు తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు. గుర్తు మాత్రం అట్లాగే గట్టిపడింది. ఇప్పుడు ఎర్రన్నది అంటూ ఈ లోకంలో మిగిలింది అదొక్కటే. రోహిణి ఎండకు రోళ్లు పగులుతాయంటారు, సిమెంటెంత? ఎండకు నెర్రెలు విచ్చింది. వానకు ఆ నెర్రెల్లోకి నీళ్లు దిగాయి. పైపొర పొట్టుపొట్టుగా లేచిపోతోంది. గిట్ట రెండు చీలికల్లో ఒకటి ఇప్పటికే సగం చెరిగింది. పుల్లన్న రోజూ పొద్దున్నే దాన్ని ముక్కుతో తడిమి చూసుకుంటాడు. రోజూ నిన్నటికంటే కాస్త తక్కువే ఉంటుంది.

ఇదంతా కంప చాటునుంచి ఒక నక్క చూసింది. దానికి కోళ్ల మీద ఎంత ప్రేమో, పుల్లన్న కొమ్ములంటే అంత భయం. అందుకని ఆలోచించి, కాలువ వంతెన పని దగ్గర ఎవరో మరిచిపోయిన పూత డబ్బా, బ్రష్షు ఎత్తుకుని, రైతు సంతకు పోయిన రోజు చూసి వచ్చింది.

"బాగుండావా పుల్లన్నా? భయపడొద్దు, నేనిప్పుడు పాత నక్కను కాదు. పూతల మేస్త్రీని. శనివారాలు ఉపవాసం గూడా."

"దేనికి పూతలు?"

"సిమెంటుకన్నా. పైకి రాయి మాదిరుంటాది గానీ దాని ఒళ్లంతా సన్న బొక్కలే. వానకు తాగుతాది, ఎండకు కక్కుతాది. తాగి కక్కి, తాగి కక్కి, ఎవరైనా ఎన్నాళ్లు బతుకుతారు? ఈ పూత పూస్తే చుక్క లోపలికి దిగదు. నీళ్లు పైన్నే నిలబడి జారిపోతాయి."

పుల్లన్న ఒకసారి ఎర్రన్న గిట్ట వైపు చూశాడు. తర్వాత మెల్లగా అడిగాడు. "సిమెంటు మీద గుర్తులేమైనా ఉంటే, అవి నిలబడతాయా?"

"ఏం గుర్తులు?" అంది నక్క, ఏమీ తెలియనట్టు.

పుల్లన్న చూపించాడు. నక్క వంగి చూసి, కళ్లు తుడుచుకుంది. "ఎర్రన్నది కదా? ఎంత మంచోడు ఎర్రన్న! ఎవరినీ ఒక మాట అనెరగడు. పదేండ్లు ఈ గుర్తు చెక్కు చెదరకుండా ఉంటాది, నాదీ పూచీ. నాకేమీ ఇయ్యద్దు. ఎర్రన్న కోసం చేస్తా."

ఎర్రన్న పేరు ఎత్తితే పుల్లన్న బాధపడతాడని ఏడాదిగా ఎవరూ ఆ పేరు పలకలేదు. ఆ పేరు ఇంకొకరి నోట వినడానికి తాను ఎంత మొహం వాచి ఉన్నాడో అప్పుడు తెలిసొచ్చింది.

"ఒకటే షరతు," అంది నక్క. "రెండు దినాలు దీని మీద ఎవరూ కాలు పెట్టగూడదు. నువ్వు చేని పక్క వాగవతలికి పో. కోళ్లను గూట్లో ఏసి గడియ పెట్టు."

గూటి ముందు గింజలు ఏరుకుంటున్న ముసలి పెట్ట చుక్కమ్మ తల ఎత్తింది. "పుల్లన్నా, మొన్ననే గదా వాన పడింది. నేను పండుకునే ప్లాస్టిక్ పట్టా పొద్దున ఎత్తి చూస్తే కిందంతా చెమ్మ. సిమెంటు కడుపులో తడి ఇంకా అట్లే ఉంది. నాలుగు ఎండలు కాయనీ, అప్పుడు పూయించుకో."

"మబ్బు చూడు పుల్లన్నా," అంది నక్క. "ఇంకో వాన పడిందంటే ఆ రెండో చీలికా పోతాది. ఆలస్యం అమృతం విషం."

"ఇంతకీ మా గూటికి గడియ ఏంటికి?" అంది చుక్కమ్మ.

"తడి పూత మీద కోడి గోళ్లు పడాల్నా అక్కా?"

"నువ్వు నోర్ముయ్ చుక్కమ్మా!" అన్నాడు పుల్లన్న. అతను అంత గట్టిగా అరవడం ఎవరూ ఎప్పుడూ వినలేదు. "ఒకరిని పోగొట్టుకుంటే ఎట్లుంటాదో నీకేం తెలుసు?"

చుక్కమ్మ మిగతా కోళ్లను పిలుచుకుని గూట్లోకి నడిచింది. పుల్లన్నే కొమ్ముతో గడియ వేసి, వాగు దాటిపోయాడు.

నక్క పని మొదలుపెట్టింది. పైన పటారం లోన లొటారం. చిమ్మింది లేదు, కడిగింది లేదు, డబ్బా మూత తీసి పరపరా పూసుకుంటూ పోయింది. కానీ తెలివి తెలివే. ఎర్రన్న గుర్తు దగ్గర మొదలుపెట్టి గూటి తలుపు దాకా కంప వారగా జానెడు అంచు పొడిగా వదిలింది. తన కాళ్లు పట్టడానికి అది చాలు.

గూటి సందులోంచి చుక్కమ్మ ఆ అంచు చూసింది. సంగతంతా అర్థమైంది. గడియ అవతలే ఉంది. ఉన్నది ఒక్క నోరే.

"మేస్త్రీ, ఆ అంచు వదిలేసినావే?"

"ఆఖర్న పూస్తాలే అక్కా."

"ఇంకేం ఆఖరు? డబ్బా అడుగు కనపడతాంది గదా." అని, వాగవతలికి వినపడేలా గొంతెత్తింది. "పుల్లన్నా! ఎర్రన్న గిట్టున్న అంచే మేస్త్రీ వదిలేసినాడు!"

వాగవతల రంకె వినిపించింది. పుల్లన్న ముందుకాలు నీళ్లలో పెట్టాడు.

"పూస్తాండా, పూస్తాండా! నువ్వు రావద్దు!" అని అరిచి నక్క గబగబా గూటి దగ్గరనుంచి వెనక్కి నడుస్తూ తన దారిని తనే పూసుకుంది. ఎర్రన్న గుర్తు మీద చివరి చుక్క దులిపి, సందు బయట కూలబడింది. పుల్లన్న కాలు వెనక్కి తీసుకున్నాడు.

పోనీలే అనుకుంది నక్క. పూత రెండు గంటల్లో ఆరుతుందని డబ్బా మీద రాసి ఉంది. సిమెంటు ఆరి ఉంటేనే అని కింద ఇంకో ముక్క కూడా రాసి ఉంది. అంత కిందికి అది చదవలేదు.

రెండు గంటలు గడిచాయి. పుల్లన్న తల వంచి గడ్డి కొరుకుతున్నాడు. నక్క సందు దగ్గర కాలుతో తాకి చూసింది, ఎండపొడకు ఆరింది. పది అడుగులు హాయిగా వేసింది. గోడ నీడలోకి రాగానే పైపొర చిట్లి కాలు కింది జిగురులో దిగబడింది. ఆ కాలు లాగితే ఈ కాలు దిగబడింది. నాలుగూ లాగలేక కూర్చుంటే తోక అంటుకుంది. దొంగకు తేలు కుట్టినట్టు, అరిచే దారి లేదు. అయినా ఆశ చావలేదు. పళ్లు బిగబట్టి ఈడ్చుకుంటూ, ఈడ్చుకుంటూ గూటి దాకా పోయి గడియ మీద కాలు వేసింది.

కోళ్లన్నీ ఒక్కసారిగా గోల పెట్టాయి.

పుల్లన్న వాగు దాటి పరుగున వచ్చాడు. వచ్చి, సందు దగ్గర ఆగిపోయాడు. ఎదురుగా ఎర్రన్న గిట్ట. పూత కింద నిగనిగలాడుతోంది. ఏడాదిలో అంత స్పష్టంగా అతనికి ఎప్పుడూ కనపడలేదు. చెరిగిన చీలిక కూడా తిరిగి వచ్చినట్టే ఉంది. పక్కకు అడుగు వేద్దామంటే సందులో చోటు లేదు.

"పుల్లన్నా, పుల్లన్నా" అని పిలుస్తున్న చుక్కమ్మ, అతను ఎటు చూస్తున్నాడో చూసి పిలవడం మానేసింది.

గడియ కిర్రుమంది. పుల్లన్న కళ్లు మూసుకుని అడుగు వేశాడు.

తర్వాత జరిగింది చెప్పడానికి ఎంతోసేపు పట్టదు. కొమ్ములు దగ్గర పడేసరికి నక్క తోక వెంట్రుకలు సగం కళ్లానికే వదిలేసి కంప మీదికి దూకింది. జిగురు కాళ్లకు ముళ్లు, ఎండుటాకులు, గడ్డి, అందినదల్లా అంటుకుంది. ఆ తర్వాత ఎన్నో నెలలు అది ఎక్కడికి పోయినా ఆకుల గలగల దానికంటే ముందు పోయేది. మాటు వేసి బతికేవాడికి అంతకు మించిన శిక్ష లేదు. ఎలుక పిల్లలు కూడా నవ్వి పక్కకు తప్పుకునేవి.

మూడో రోజుకు పూత తెల్లగా పాలిపోయి, పొక్కులు పొక్కులుగా లేచింది. లేస్తూ సిమెంటు పైపొరను కూడా పెకలించుకు వచ్చింది. ఎర్రన్న గిట్ట ఉన్న చోట పుల్లన్న ముక్కు పెట్టి చూశాడు. తన గిట్ట తొక్కిన చితుకుడు, పొట్టు. అంతే. అక్కడే మధ్యాహ్నం దాకా నిలబడ్డాడు.

చుక్కమ్మ వచ్చి దూరంగా నిలుచుంది.

చాలాసేపటికి పుల్లన్న అడిగాడు. "చుక్కమ్మా, నీకెవరైనా పోయినారా?"

"ఏడు మంది. నా పిల్లలు. ఇద్దరు గద్దకు, ఐదుగురు ఈ నక్కకే."

"నాకెప్పుడూ చెప్పలేదే."

"నువ్వెప్పుడూ అడగలేదన్నా."

పుల్లన్న తల దించుకున్నాడు. ఒకే కళ్లం మీద ఇన్నేళ్లు బతికి, ఇంత చిన్న సంగతి తెలియనందుకు సిగ్గేసింది. తర్వాత కళ్లం మీద మోకాళ్లు మడిచి కూర్చున్నాడు.

"పెద్దది ఎట్లుండేది?" అన్నాడు.

చుక్కమ్మ చెప్పడం మొదలుపెట్టింది.

లోపలి తడి ఆరనిదే ఏ పూతా పట్టదు.