ఫైలు ఎవరి పేరున ఉంది?

ఆ బ్లడ్ బ్యాంకులో రక్తదాతల వివరాలన్నీ ఒక్క లినక్స్ సర్వర్‌లోనే ఉండేవి. ఆ ఉదయం దాని డేటాబేస్ స్టార్ట్ కాకుండా మొరాయించింది.

పై అంతస్తులో ఒక బాలింతకు రక్తం కావాలి. ఎక్కడోగాని దొరకని బాంబే గ్రూపు. ఆ గ్రూపువాళ్ళ ఫోన్ నంబర్లు సర్వర్‌లోనే ఉన్నాయి.

"సాయంత్రం దాకా ఆగగలం. ఆపైన నా చేతుల్లో లేదు" అని చెప్పి వెళ్ళారు డాక్టర్ సుభాషిణి.

సర్వర్ చూసుకునే ఇందుమతికి కమాండ్లన్నీ నోటికొచ్చు. ఆ సంగతి నలుగురికీ తెలియాలని కొంచెం సరదా కూడా. నాలుగుసార్లు రీస్టార్ట్ చేసింది. ఎక్కడెక్కడివో పది కమాండ్లు కొట్టింది. ఉలుకూ పలుకూ లేదు.

"ఇది చెడిపోయింది మాస్టారూ. మొత్తం తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేస్తాను" అంది.

ఆమెకు పని నేర్పిన మస్తాన్‌వలి మాస్టారు కీబోర్డు వైరు పీకి, దాన్ని తన ఒళ్ళో పెట్టుకున్నారు.

తనకేం జరిగిందో సర్వర్ రాసుకునే లాగ్, తెర మీద తెరిచే ఉంది.

"చదువమ్మా."

"స్టార్ట్ కాలేదు అని ఉంది."

"అది చివరి ముక్క. పైకి వెళ్ళు. మొదటి తప్పు ఎక్కడుంది?"

కొట్టడానికి ఏమీ లేక, ఇందుమతి మౌస్ తిప్పుతూ మొదటిసారి నింపాదిగా చదివింది.

"ఒక ఫైలు తెరవడానికి దీనికి అనుమతి లేదట."

"ఫైలు ఎవరి పేరున ఉంది?"

మాస్టారు కీబోర్డు తిరిగి ఇచ్చారు. ఒక్క కమాండ్ కొట్టి చూసింది. డేటాబేస్ పేరున ఉండాల్సిన ఫైళ్ళు రూట్ పేరున ఉన్నాయి. రూట్ అంటే ఆ యంత్రానికి సర్వాధికారి. పొద్దున్నే, పని త్వరగా తెములుతుందని, రూట్‌గా వెళ్ళి డేటాబేస్ నడిపి చూసింది తనే. దాంతో ఆ ఫైళ్ళు రూట్ పేరుకు మారిపోయాయి.

సిగ్గుతో ఆమె ముఖం ఎర్రబడింది. ఫైళ్ళను డేటాబేస్ పేరుకు మార్చి, స్టార్ట్ కొట్టింది. పచ్చ చుక్క వెలిగింది.

"లేచింది మాస్టారూ!"

ఆ కేక వరండా దాకా వినిపించింది.

బాంబే గ్రూపువాళ్ళు ముగ్గురు దొరికారు. రెండో నంబరుకు ఫోనెత్తిన స్కూలు టీచరు అప్పటికప్పుడు బయల్దేరాడు. మూడింటికల్లా రక్తం పైకి వెళ్ళింది.

అయిదవుతుండగా డాక్టర్ సుభాషిణి మెట్లు గబగబా దిగొచ్చారు.

"గట్టెక్కిందమ్మా! బిడ్డను చూపించమని అడుగుతోంది."

ఇందుమతి పెద్దగా నవ్వింది. నవ్వుతూనే ఏడ్చేసింది.

"ఇంతకీ ఏమైంది ఆ మాయదారి సర్వర్‌కి?"

ఇందుమతి మాస్టారి వైపు చూసింది. ఆయన టీ ఊదుకుంటున్నారు.

"దానికేం కాలేదండీ. అడ్డంగా నేనే ఉన్నాను."