లైబ్రరీ ముందు బిందె

అనగనగా, నీళ్ళకి కటకటలాడే ఓ ఊళ్ళో వెంగమ్మ అని నీ ఈడు పిల్ల ఉండేది. ఆ ఊరెక్కడా అని అడక్కు. ఇప్పుడే దాహం అన్నావు, తాగించాను. ఇంక మంచం దిగావంటే కథా లేదు గిథా లేదు, చెప్తున్నా.

ఆ వెంగికీ నీకులాగే కుదురు లేదు. చీమల బారు కనబడితే దాని వెంటే పోయేది. ఆదివారం వాళ్ళ నాన్నతో సంతకెళ్తే కూరగాయల వంక చూడదు, కోళ్ళతో కబుర్లు! చదివేది రెండే పుస్తకాలు, గ్రహణాలదొకటి, పాములదొకటి. చదివిందే చదవడం, చదివిందే చదవడం. వాళ్ళమ్మ నెత్తీ నోరూ కొట్టుకునేది.

పైగా ఊళ్ళో ప్రతిదాని మీదా దానికో అభిప్రాయం! మురుక్కాలవ మీద బండలెందుకు వెయ్యరు? బస్సు స్టాపులో ఆగకుండా అల్లంత దూరం పోయి ఎందుకాగుద్ది? అడిగి అడిగి ప్రాణం తీసేది. "నీకెందుకే పెద్దాళ్ళ సంగతులు" అని అందరూ కసిరేవాళ్ళు.

దాని పుస్తకాలుండేది ఊళ్ళో ఉన్న చిన్న లైబ్రరీలో. దాన్ని చూసుకునేది మాల్యాద్రి గారు. ఒకరోజు ఆయన దిగాలుగా కూర్చుని, "శుక్రవారం ఆఫీసరొస్తాడమ్మా. చదివేవాళ్ళు లేకపోతే తాళం వేసేస్తాడట. పుస్తకాలన్నీ పట్నం పంపేస్తారు" అన్నారు. వెంగికి ఏడుపు తన్నుకొచ్చింది.

అప్పుడది వార్డు మెంబరు దగ్గరికి పరిగెత్తింది. "శుక్రవారం ట్యాంకరొచ్చే రోజు, లైబ్రరీకెవరొస్తారమ్మా" అన్నాడాయన. ఆ తర్వాత వాళ్ళమ్మనడిగింది. "నీళ్ళు పట్టాక చూద్దాంలే" అంది ఆవిడ. ఆ తర్వాత పక్కింటి ఆదెమ్మనడిగింది. ఆదెమ్మ నోటికి అడ్డూ ఆపూ లేదు. "పుస్తకాలు పిండితే నీళ్ళొస్తాయంటే? పోవే అవతలికి!" అంది.

వెంగికి ఒళ్ళు మండిపోయింది. మండదూ మరి!

ఇప్పుడు ఆ ఊరి పద్ధతొకటి చెప్తా, విను. కాళ్ళు ఆడించకు. ట్యాంకరు ఫలానా చోట ఆగాలని రూలేం లేదు. బిందెల వరస ఎక్కడుంటే డ్రైవరు అక్కడ ఆపుతాడు. వరసలో బిందె పెడితే మనిషి నిలబడ్డట్టే లెక్క. అందుకని ఆ ఊరి జనం ఎక్కడ బిందె కనబడినా దాని వెనక తమదీ పెట్టేసేవాళ్ళు.

శుక్రవారం పొద్దున్నే వెంగి ఇంట్లో బిందె చంకనెత్తుకుని పోయి లైబ్రరీ మెట్ల ముందు పెట్టింది. పెట్టి, ఏమీ ఎరగనట్టు గోడ నీడన కూర్చుంది.

అప్పుడు పాలమ్మే ఆవిడ చూసింది. ఇవాళ ట్యాంకరు ఇక్కడ ఆగుతుంది కాబోలనుకుని తన బిందె తెచ్చి వెనకాల పెట్టింది. ఆవిణ్ణి చూసి ఇంకొకరు, వాళ్ళని చూసి ఇంకొకరు. ఆదెమ్మయితే రెండు బిందెలు తెచ్చి, ముందున్నదాన్ని కాస్త పక్కకి నెట్టింది కూడా. ఇక్కడెందుకు పెడుతున్నామని ఒక్కరన్నా అడిగితే ఒట్టు!

ఎండెక్కింది. ట్యాంకరు రాలేదు. వేళకెప్పుడొచ్చింది గనక! బిందెలు ఎండలో, మనుషులు వసారాలో. ఆ తర్వాత లోపల ఫ్యానుందని అందరూ లోపలికెళ్ళారు. ఊరికే కూర్చోడమెందుకని మాల్యాద్రి గారు తలా ఓ పుస్తకం చేతిలో పెట్టారు. చదువు రానివాళ్ళకి వెంగి పాముల బొమ్మలు చూపించింది. ఆదెమ్మ సణుక్కుంటూనే ఓ నవల తీసుకుంది.

అప్పుడొచ్చాడు ఆఫీసరు. జనాన్ని చూసి నోరు వెళ్ళబెట్టాడు. "వీళ్ళంతా చదవడానికే వచ్చారా?" అని పోయి పోయి వెంగినే అడిగాడు. ఊ అనొచ్చుగా? అనదు, మహాతల్లి! "కాదండీ, నీళ్ళకొచ్చారు" అనేసింది. మాల్యాద్రి గారు తల పట్టుకున్నారు.

సరిగ్గా అప్పుడే ట్యాంకరు హారను మోగింది. అంతే, అందరూ పుస్తకాలు అక్కడే పడేసి బిలబిలమంటూ బయటికి పరిగెత్తారు. ఆఫీసరు తాళం తెమ్మన్నాడు. వెంగికి కళ్ళ నీళ్ళు జలజలా రాలాయి.

ఫ్యాను కింద ఆదెమ్మ ఒక్కతే మిగిలింది. "లేమ్మా, మూసేస్తున్నాం" అన్నాడు ఆఫీసరు.

ఆదెమ్మ నవల్లోంచి తల కూడా ఎత్తలేదు. "మూస్తావా? ఆ నగ తీసిందెవరో తేలకుండా ఎట్టా మూస్తావయ్యా? మూయి, చూస్తా! ఏమే వెంగీ, అట్టా నిలబడి ఏడవకపోతే, పోయి నా బిందెలు పట్టి పెట్టరాదూ!"

చదివే మనిషి కళ్ళెదుటే ఉందిగా మరి! ఆఫీసరు తాళం మాల్యాద్రి గారి చేతిలోనే పెట్టేసి జీపెక్కాడు.

ఏంటీ? ఆ నగ తీసిందెవరా? నాకేం తెలుసే తల్లీ, పోయి ఆదెమ్మనే అడుగు! ముందు కళ్ళు మూసుకో.

కథ పోయె కంచికి,
నేను పోతా మంచానికి,
నిద్దరమ్మా, నువ్వు రావె
ఈ పిల్ల కంటికి!